బ్యాలే హాస్టల్‌కి పంపే ముందు ఒక మంగళవారం క్లాసు చూడండి

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయికి 13 నిండాయి. ఆరేళ్లుగా బ్యాలే నేర్చుకుంటోంది, ఏడాదిగా కాలి వేళ్ల కొనల మీద నిలబడే పాయింట్ షూస్ వేస్తోంది. ఈ వేసవిలో వేరే రాష్ట్రంలో పేరున్న ఒక స్కూల్లో ఐదు వారాల సమ్మర్ ఇంటెన్సివ్‌కి వెళ్లింది. చివరి వారంలో పిలిచి, సెప్టెంబరు నుంచి వృత్తి డాన్సర్లను తయారుచేసే తమ ప్రీ-ప్రొఫెషనల్ ప్రోగ్రామ్‌లో చేరమన్నారు. ఏడాది పొడవునా అక్కడే ఉండాలి. వారానికి ఆరు రోజులు డాన్స్, హాస్టల్, ఆన్‌లైన్ హైస్కూల్. సగం ఫీజు స్కాలర్‌షిప్ ఇస్తామంటున్నారు. రెండు వారాల్లో చెప్పాలట. పిల్ల కాలు నేల మీద నిలవడం లేదు. మా వారు చదువు పాడవుతుందని భయపడుతున్నారు. మా అత్తగారు, కూచిపూడి అయితే ఇంట్లో ఉండే నేర్చుకునేది కదా అంటున్నారు. ఇక్కడి బ్యాలే టీచరేమో ఇంకో ఏడాది ఆగమంటున్నారు. ఆ మాట పిల్ల కోసమో, పోయే ఫీజు కోసమో తెలియడం లేదు. మేమిద్దరం ఐటీ ఉద్యోగులం, ఈ లోకం మాకు కొత్త. ఆ స్కూలు మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి? – ఒక తల్లి, ఎడిసన్

జవాబు: ముందుగా మీ అమ్మాయికి నా అభినందనలు. నంబరు అతికించుకుని గంటన్నర నిలబడిన ఆడిషన్‌లో వచ్చే పిలుపు వేరు, ఐదు వారాలు రోజూ క్లాసులో చూశాక ఉండిపొమ్మన్న పిలుపు వేరు. పెద్ద స్కూళ్లు సమ్మర్ కోర్సునే నిదానంగా సాగే ఆడిషన్‌గా వాడుకుంటాయి. 1934లో జార్జ్ బాలంచిన్, లింకన్ కిర్‌స్టీన్ మొదలుపెట్టిన న్యూయార్క్‌లోని స్కూల్ ఆఫ్ అమెరికన్ బ్యాలే కూడా వేసవి కోర్సుకు వచ్చినవాళ్లలోంచి పై తరగతులకు పిల్లల్ని ఏరుకుంటుంది. కాబట్టి ఈ పిలుపును తేలిగ్గా తీసుకోకండి. అయితే హాస్టల్ గదులు నింపుకోవలసిన అవసరం కూడా స్కూళ్లకు ఉంటుంది. అమ్మాయి లెవెల్లో ఈ వేసవికి ఎంతమంది వచ్చారో, వాళ్లలో ఎంతమందిని ఉండమన్నారో సూటిగా అడగండి. ముప్పైమందిలో నలుగురిని పిలిస్తే ఒక అర్థం, పాతికమందిని పిలిస్తే ఇంకో అర్థం.

రెండు వారాల గడువు వాళ్లు పెట్టుకున్నది. క్లాసులు చూడాలి, కొందరితో మాట్లాడాలి, ఇంకో పది రోజులు కావాలని ఈరోజే రాయండి. 13 ఏళ్ల పిల్లని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకెళ్లేవాళ్లు ఆ మాత్రం వ్యవధి ఇవ్వలేమంటే, మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరికినట్టు.

మీరు ఇంత వెతుక్కోవలసి రావడానికి కారణం ఉంది. పారిస్ ఒపేరా బ్యాలే స్కూలు 1713 నాటిది, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని వగనోవా అకాడమీ 1738 నాటిది. రెండూ ప్రభుత్వ అండతో నడిచేవే. మామూలు చదువూ అక్కడే, డాన్సూ అక్కడే. ఏటా పరీక్షలుంటాయి, నిలవలేనివాళ్లు వెళ్లిపోతారు. కఠినమే గానీ ఆ నియమాలు అందరికీ ముందే తెలుసు. అమెరికాలో అలా కాదు. ఎవరైనా ఒక హాలు అద్దెకు తీసుకుని బోర్డు మీద ప్రీ-ప్రొఫెషనల్ అని రాసుకోవచ్చు. తప్పనిసరిగా తీసుకోవలసిన జాతీయ గుర్తింపంటూ ఏదీ లేదు. చదువు భారం ఇంటివాళ్లదే, భద్రత సంగతి విచారించుకోవలసిందీ ఇంటివాళ్లే.

ఇక అసలు విషయం. స్కూలుకు ఫోన్ చేస్తే వాళ్లు ఉత్సాహంగా చెప్పేది పెద్ద బ్యాలే కంపెనీల్లో, అంటే వృత్తి డాన్సర్ల బృందాల్లో, చేరిన పూర్వ విద్యార్థుల గురించి. మీరు అడగవలసింది మిగతావాళ్ల గురించి. అక్కడ చేరి డాన్సర్ కాలేకపోయిన పిల్లని ఆ స్కూలు ఎలా చూసింది, ఎలా పంపింది? ఇంతకన్నా ముఖ్యమైన ప్రశ్న నాకు కనిపించదు. ఎందుకంటే, ఎంత మంచి స్కూల్లోనైనా 13 ఏళ్లకు చేరినవాళ్లలో కంపెనీ కాంట్రాక్టు దాకా వెళ్లేది కొద్దిమందే. మీ అమ్మాయి ఆ కొద్దిమందిలో ఉండాలని నేనూ కోరుకుంటాను. కానీ స్కూలును ఎంచుకోవలసింది రెండో వైపు కూడా చూసి.

దారి ఎలా ఉంటుందో చెబుతాను. 18 ఏళ్లకు స్కూలు పూర్తయ్యాక నేరుగా కంపెనీలోకి వెళ్లేవాళ్లు అరుదు. ముందు ట్రైనీ, లేదా సెకండ్ కంపెనీ అనే చిన్న అనుబంధ బృందం. తర్వాత అప్రెంటిస్. ఆ తర్వాత కోర్ ద బ్యాలే, అంటే బృందంగా ఆడేవాళ్లు, హంసల గుంపులో ఒక హంస. ట్రైనీకి చాలాచోట్ల జీతం ఉండదు, కొన్నిచోట్ల ఎదురు ఫీజు కట్టాలి. ‘మా విద్యార్థులు ఫలానా కంపెనీలో ఉన్నారు’ అని బ్రోషర్‌లో ఉంటే, అది జీతం వచ్చే కాంట్రాక్టా, డబ్బు కట్టి తెచ్చుకున్న ట్రైనీ సీటా అని విడదీసి అడగండి. గత మూడేళ్లలో ఆఖరి సంవత్సరం పూర్తి చేసిన ప్రతి ఒక్కరూ ఏమయ్యారో చెప్పమనండి. పేర్లు అక్కర్లేదు, లెక్క చాలు. వాళ్లలో 13, 14 ఏళ్లకు చేరి అక్కడే ఎదిగినవాళ్లు ఎంతమందో కూడా అడగండి. ఇంకోచోట పదేళ్లు నేర్చుకుని, 17వ ఏట వచ్చి చివరి ఏడాది మాత్రం అక్కడ గడిపినవాళ్ల ఫొటోలు కూడా ఆ గోడ మీదే ఉంటాయి. మీ అమ్మాయికి ఆ ఫొటోలతో సంబంధం లేదు.

మధ్యలో వెళ్లిపోయినవాళ్ల సంగతి మరీ ముఖ్యం. చాలా స్కూళ్లు ఏడాదికోసారి పిల్లల్ని అంచనా వేసి, వచ్చే ఏడాదికి కొందరికి సీటు లేదంటాయి. అందులో తప్పేమీ లేదు. ఆ మాట ఏ నెలలో చెబుతారన్నదే ప్రశ్న. అమెరికాలో సమ్మర్ ఇంటెన్సివ్ ఆడిషన్లు ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా జరుగుతాయి. శీతాకాలంలోనే ఎదురుగా కూర్చోబెట్టి, కాగితం మీద రాసి ఇచ్చే స్కూలు పిల్లకు ఇంకో తలుపు తట్టే సమయం ఇస్తోంది. మే నెలాఖరులో ఈమెయిల్ పంపే స్కూలు ఆ ఏడాది ఫీజు పూర్తిగా వసూలు చేసుకుని పంపుతోంది.

సంబంధం చూసేటప్పుడు అబ్బాయి ఊళ్లో నాలుగు ఇళ్లలో వాకబు చేసినట్టు, ఈ స్కూలు వదిలేసినవాళ్ల తల్లిదండ్రుల్ని ఇద్దరు ముగ్గుర్నయినా పట్టుకోండి. స్కూలు ఇచ్చే నంబర్లు తృప్తిగా ఉన్నవాళ్లవే అవుతాయి. సమ్మర్‌లో మీ అమ్మాయికి స్నేహితులై ఉంటారు కదా, వాళ్ల ద్వారా వెళ్లండి.

తర్వాత ఒక మామూలు మంగళవారం క్లాసు చూడండి. పరిచయ దినాలు, ప్రదర్శనలు కాదు. అమ్మాయి ఏ లెవెల్లో చేరుతుందో ఆ లెవెల్, ఆమెకు నేర్పబోయే టీచరు. వేసవిలో అతిథులుగా వచ్చిన గొప్ప డాన్సర్లు శీతాకాలంలో అక్కడ ఉండరు. సెలవుల వల్ల ఇప్పుడు క్లాసులు లేకపోతే, సెప్టెంబరు మొదటి వారంలో చూసిన తర్వాతే డబ్బు కడతామనండి. చూడనివ్వం అంటే కారణం అడగండి.

డాన్స్ తెలియనివాళ్లు కూడా కనిపెట్టగలిగేవి చాలా ఉంటాయి. టీచరు చూపు ముందు వరుస దగ్గరే ఆగిపోతోందా, వెనక మూలన ఉన్న పిల్ల దాకా వెళుతోందా? దిద్దినప్పుడు ఆ పిల్ల మళ్లీ చేసి చూపేదాకా ఆగుతున్నారా? గదిలో 14 మంది ఉన్నారా, 30 మంది ఉన్నారా? పియానో వాయించేవాళ్లున్నారా, స్పీకర్‌లో పాటా? పియానో లేనంత మాత్రాన చెడ్డ స్కూలని కాదు గానీ, ఉంటే సంగీతానికీ అడుగుకీ ఉన్న బంధం మీద వాళ్లు డబ్బు ఖర్చు పెడుతున్నారని అర్థం. దెబ్బ తగిలిన పిల్లలు ఏం చేస్తున్నారో తప్పకుండా గమనించండి. గోడకు చేరగిలబడి ఫోన్ చూస్తున్నారా, నోట్సు రాసుకుంటూ తమకు వీలైనంత బార్, అంటే కమ్మీ పట్టుకుని చేసే అభ్యాసం, చేస్తున్నారా? ఆ మూలన ఉన్న పిల్ల స్కూలు గురించి చాలా చెబుతుంది.

మోకాళ్లు కూడా చూడండి. బ్యాలేలో పాదాలు పక్కలకు తిరిగి ఉంటాయి, దాన్నే టర్నౌట్ అంటారు. ఆ తిప్పడం తుంటి కీలు దగ్గర మొదలవ్వాలి. ప్లియేలో, అంటే మోకాళ్లు మడిచి కిందికి వంగినప్పుడు, మోకాలు కాలి వేళ్ల దిశలోనే ఉండాలి. పాదాలు పూర్తిగా పక్కకు తిరిగి మోకాళ్లు ముందుకు చూస్తుంటే, పాదాన్ని నేల మీద బలవంతంగా మెలిపెడుతున్నారని అర్థం. ఏళ్ల తరబడి అలా చేస్తే మోకాలు, చీలమండ దెబ్బతింటాయి. ఇది మీ అత్తగారిని అడిగినా చెబుతారు. కూచిపూడిలో అరమండి కూర్చునేటప్పుడు గురువులు దిద్దేదీ ఇదే. క్లాసులో సగంమంది మోకాళ్లు ముందుకు పడిపోతున్నా ఎవరూ దిద్దడం లేదంటే, ఆ స్కూలు గోడల మీద ఎంత పెద్ద పేర్లున్నా నేను పంపను.

ఏ పద్ధతి నేర్పుతారని అడిగితే వగనోవా, చెకెట్టి, రాయల్ అకాడమీ, బాలంచిన్ అని ఏదో ఒక పేరు చెబుతారు. ఏది గొప్పదన్న వాదన మీకు అనవసరం. అన్నిట్లోంచీ గొప్ప డాన్సర్లు వచ్చారు. కింది లెవెల్ నుంచి పై లెవెల్ దాకా ఒకే దారిగా ఉందా, టీచరు మారినప్పుడల్లా చేతుల తీరు కూడా మారిపోతోందా అన్నదే చూడాలి. ‘ఈ లెవెల్ పూర్తయ్యేసరికి పిల్ల ఏమేం చేయగలగాలి?’ అని అడగండి. వివరంగా చెప్పగలిగితే పాఠ్యక్రమం ఉన్నట్టు. ‘ప్రతి పిల్లా ప్రత్యేకం’ అని మాత్రమే చెబితే లేనట్టు.

గంటల లెక్క అడిగేటప్పుడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా విడిగా అడగండి. అమెరికాలో బ్యాలే అంటే శీతాకాలంలో నట్‌క్రాకర్. 1892లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన ఆ బ్యాలే ఇప్పుడు ఇక్కడి కంపెనీలకు ప్రధానమైన ఆదాయం. రిహార్సళ్లు మొదలయ్యాక రోజువారీ టెక్నిక్ క్లాసు నిలుస్తుందా, రిహార్సల్లో కలిసిపోతుందా? పోటీల పిచ్చి ఉన్న స్కూళ్లలో ఇదే ఇంకో రూపంలో వస్తుంది. యూత్ అమెరికా గ్రాండ్ ప్రీ అనే పోటీ కోసం రెండు నిమిషాల వేరియేషన్ (ఒంటరి నృత్యం) ఒక్కటే నెలల తరబడి రుద్దుతారు. పతకం వస్తుంది, అలెగ్రో, అంటే చురుకైన గెంతుల అడుగులు, రావు. ఏడాది పొడవునా అన్న మాటలో విశ్రాంతి కూడా ఉండాలి. మూడు వారాలైనా పూర్తి సెలవు లేకుండా, వచ్చే వేసవి కూడా తమ దగ్గరే తప్పనిసరి అంటే పిల్ల ఎముకలు ఎప్పుడు కోలుకుంటాయి?

ఎముకల విషయం మీరు బాగా పట్టించుకోవాలి. ఈ వయసుకు కాస్త అటూ ఇటూగా ఆడపిల్లలు ఒక్కసారిగా పొడవవుతారు. ఎముక ముందు పెరుగుతుంది, కండరాలు, నరాలు దాన్ని అందుకోవడానికి నెలలు పడుతుంది. నిన్నటిదాకా చెవి దాకా లేచిన కాలు ఈరోజు లేవదు. తిరగడంలో తూకం తప్పుతుంది. తెలిసిన టీచర్లు ఆ నెలల్లో గెంతులు, పాయింట్ తగ్గించి ఓపిక పడతారు. తెలియనివాళ్లు పిల్ల బద్ధకించిందనుకుంటారు. ఎత్తు పెరిగే కాలంలో శిక్షణ ఎలా మారుస్తారని అడగండి. పాయింట్ గురించి అంతర్జాతీయ డాన్స్ వైద్య, విజ్ఞాన సంఘం సూచనలున్నాయి: మామూలుగా 12 ఏళ్లకు ముందు వద్దు, వారానికి రెండుసార్లు నేర్చుకునే పిల్లకు, నడుములో, పాదాల్లో చాలినంత బలముంటే, శిక్షణ మొదలైన నాలుగో ఏడు సరైనది. మీ అమ్మాయికి ఆ దశ దాటింది. స్కూల్లో ఫిజియోథెరపిస్ట్ ఉంటారా, వారానికి ఎన్ని రోజులు ఉంటారు, ‘రెండు వారాలు గెంతవద్దు’ అని ఆమె చెబితే టీచర్లు వింటారా? ఈ చివరి ప్రశ్న టీచర్లను కాదు, పిల్లలను అడగండి.

తిండి విషయం. ఖర్చయ్యే శక్తికి సరిపడా తినకపోతే ఎముకలు, హార్మోన్లు, గుండె అన్నీ దెబ్బతింటాయని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో హెచ్చరించింది, ఆ స్థితికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. నెలసరి మూడు నెలలు ఆగిపోతే అది డాన్సర్లకు మామూలేనని ఎవరు చెప్పినా నమ్మకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. స్కూల్లో బరువు తూస్తారా, ఎవరు తూస్తారు, పిల్ల లావైందన్న మాట ఎవరు ఎవరితో అంటారు? వియన్నా స్టేట్ ఒపేరా బ్యాలే అకాడమీ మీద 2019లో ఆరోపణలు వచ్చినప్పుడు, విచారణ జరిపిన కమిషన్ ఆ ఏడాది చివర ఇచ్చిన నివేదికలో పిల్లల ఆరోగ్యాన్ని సరిగా పట్టించుకోలేదని, సన్నగా ఉండటానికి సిగరెట్లు తాగమని సలహాలిచ్చారని తేల్చింది. అంత పేరున్న చోట ఇలా జరిగింది. అందుకే పేరు చూసి ఈ ప్రశ్న మానేయకండి. మీరు శాకాహారులైతే హాస్టల్ వంటింటితో నేరుగా మాట్లాడండి. సలాడ్, పాస్తాతో రోజుకు ఐదారు గంటలు ఆడే పిల్ల నిలవదు. పప్పు, పెరుగు, పనీర్, గింజలు దొరకాలి. రోజంతా నాలుగు గోడల మధ్య ఉండే, మన చాయ ఉన్న పిల్లలకు విటమిన్ డి తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. దాంతోపాటు ఐరన్, బి12 పరీక్షలు వెళ్లేముందే చేయించండి.

చాయ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. గులాబీ టైట్స్, గులాబీ షూస్ తెల్ల చర్మంతో కలిసిపోవడానికి పుట్టిన యూనిఫాం. ఆర్థర్ మిచెల్, కారెల్ షుక్ 1969లో స్థాపించిన డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్, ఒంటి రంగుకు సరిపోయే టైట్స్ వేసుకునే పద్ధతిని 1970లలోనే తెచ్చింది. పాయింట్ షూస్ తయారుచేసే లండన్ సంస్థ ఫ్రీడ్, గోధుమ రంగు షూస్ 2018లో గానీ తేలేదు. మీ అమ్మాయి ఏ రంగు వేసుకోవాలో ఆమె ఇష్టానికి వదులుతారా అని అడగండి. సమాధానం కన్నా, ఆ ప్రశ్న వినగానే వాళ్లు ఎలా స్పందిస్తారన్నది మీకు ఎక్కువ చెబుతుంది.

భద్రత. అమెరికాలో ఒలింపిక్ క్రీడల పిల్లల రక్షణకు సేఫ్‌స్పోర్ట్ కేంద్రం ఉంది. బ్యాలే ఒలింపిక్ క్రీడ కాదు కాబట్టి దాని కిందకి రాదు. రాత్రి హాస్టల్లో ఎంతమంది పెద్దవాళ్లుంటారు, అందరి నేపథ్యాన్నీ తనిఖీ చేశారా, ప్రైవేటు పాఠం తలుపు మూసి చెబుతారా, డైరెక్టరు మీదే ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పాలి? ఇవన్నీ రాతపూర్వకంగా ఉండాలి. ఇక్కడ మొహమాటపడకండి.

మీ వారి భయం సమంజసమైనదే. తొమ్మిదో తరగతి నుంచి వచ్చే మార్కులు కాలేజీ దరఖాస్తులో ఉంటాయి. ఆన్‌లైన్ స్కూలుకు గుర్తింపు ఉందా, రేపు వెనక్కొస్తే మీ పబ్లిక్ స్కూలు ఆ క్రెడిట్లు ఒప్పుకుంటుందా అన్నది మీ స్కూల్ డిస్ట్రిక్ట్ కౌన్సెలర్‌ని ముందే అడగండి. చదువుకు రోజూ కచ్చితమైన సమయం, పక్కన కూర్చునే ట్యూటరు ఉన్నారో చూడండి. బ్యాలే, కాలేజీ రెండూ కుదరవన్నది కూడా నిజం కాదు. ఇండియానా యూనివర్సిటీ, యూనివర్సిటీ ఆఫ్ యూటా, బట్లర్ యూనివర్సిటీల్లో బ్యాలే ప్రధానంగా ఉండే డిగ్రీలున్నాయి, అక్కణ్నుంచి కంపెనీల్లోకి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

డబ్బు గురించి ఒక్క మాటే. స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికా, ఏటా కొనసాగుతుందా? 18 దాకా, అంటే ఐదేళ్ల ఖర్చు ఒక కాగితం మీద వేయండి. ట్యూషన్, హాస్టల్, ఆన్‌లైన్ స్కూలు, వేసవి కోర్సులు, ఫిజియో, ప్రయాణాలు. జత వంద డాలర్లు దాటే పాయింట్ షూస్ పై తరగతులకు వచ్చేసరికి వారాల్లోనే మెత్తబడిపోతాయి, అవి విడిగా. ఆ మొత్తం చూసి కూడా ఇంట్లో నిద్ర పడుతుందంటేనే ముందుకు వెళ్లండి. లేకపోతే ఆ ఒత్తిడి చివరికి పిల్ల భుజాల మీదే పడుతుంది.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. కూచిపూడి కళాకారిణి నలభై ఏళ్లు దాటాక కూడా భామాకలాపంతో రంగస్థలాన్ని ఏలగలదు. బ్యాలేలో 17 నుంచి 19 మధ్య కాంట్రాక్టు రాకపోతే తర్వాత రావడం కష్టం. 13 ఏళ్లకే ఈ తర్జనభర్జన అందుకే. భరతనాట్య కళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ యవ్వనంలో బ్యాలే నేర్చుకున్నారనీ, ఆమెను భారతీయ నాట్యం వైపు తిప్పింది రష్యన్ బ్యాలే డాన్సర్ అన్నా పావ్లోవా అనీ ఆవిడకు చెప్పండి. తప్పకుండా సంతోషిస్తారు.

ఇక మీ టీచరు మాట. ఆమె ఉద్దేశం ఊహించుకుంటూ కూర్చోవద్దు, ఆమెనే ఒక ప్రశ్న అడగండి: ‘ఇంకో ఏడాది ఆగితే ఈ ఏడాదిలో మీరు ఏమేం నేర్పుతారు, వారానికి ఎన్ని రోజులు?’ వారానికి ఐదు రోజులు టెక్నిక్, జాగ్రత్తగా కట్టిన పాయింట్ తరగతులు ఆమె ఇవ్వగలిగితే, నా అభిప్రాయం ఆగమనే. 14వ ఏట వెళ్లిన పిల్ల 13లో వెళ్లినదానికన్నా వెనకబడదు. ఎత్తు పెరిగే గడ్డు నెలలు అమ్మ వంట తింటూ గడుస్తాయి. సీటు వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారా, లేక వచ్చే వేసవి మళ్లీ రమ్మంటారా అని ఆ స్కూలును అడగండి. నిజంగా ఆ పిల్ల కావాలనుకున్నవాళ్లు తలుపు తెరిచే ఉంచుతారు. అలా కాకుండా ఇక్కడ వారానికి మూడు రోజుల క్లాసే గతి, చుట్టుపక్కల ఇంతకన్నా మంచి స్కూలు లేదు, మీరు ప్రయాణించగల దూరంలో న్యూయార్క్ స్కూళ్లు ప్రయత్నించినా రాలేదు అంటే, పైన చెప్పిన ప్రశ్నలకు సరైన జవాబులు దొరికితే పంపండి. ఎడిసన్ నుంచి న్యూయార్క్‌కి రైలుంది. హాస్టల్ లేకుండా ఇంట్లోనే ఉండి నేర్చుకునే ఆ దారిని మీరు ఇంకా చూసినట్టు ఉత్తరంలో లేదు, ముందు అది చూడండి.

పంపినా, ఆపినా, ఆ నిర్ణయం అమ్మాయికి చెప్పేటప్పుడు కారణాలన్నీ ఆమె ముందు పెట్టండి. స్కూలుకు రాసే ప్రశ్నల ఉత్తరం ఆమెతో కలిసి రాయండి, జవాబులు కూడా ఇద్దరూ కలిసి చదవండి. ఆగుదామని తేలితే, మళ్లీ ఎప్పుడు, దేనికి ఆడిషన్ ఇస్తుందో ఆ రోజే క్యాలెండర్‌లో రాసుకోండి. జనవరి ఎంతో దూరం లేదు.